ఎన్నికలు చీల్చిన దేశం మళ్లీ కలుస్తుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఫలితాలొచ్చి రెండు నెలలైనా దేశం రెండు ముక్కలుగానే ఉందనీ, ఇంట్లో మీకూ మీ తమ్ముడికీ మాటలు ఆగిపోయాయనీ రాశారు. ఈ చీలిక ఎప్పటికైనా మానుతుందా అని అడిగారు. ఇరవై ఏళ్లకు పైగా ఎన్నికల పరిశీలకుడిగా పనిచేశాను. లెక్కింపు హాళ్లలో ఎన్నో రాత్రులు గడిపాను. ఫలితాల తర్వాత గొడవలైన చోట్ల రెండు పక్షాలనూ ఒక గదిలో కూర్చోబెట్టే పని కూడా చేశాను. కాబట్టి నాకు తెలిసినంతలో చెబుతాను.

మానుతుంది. మానిన దేశాలున్నాయి. అయితే దానంతటదే మానిన చోటు నేను చూడలేదు. ఎన్నికలకు ముందు ఎలా ఉండేవాళ్లమో మళ్లీ అలాగే అయిపోవడమే మానడం అని మీరనుకుంటుంటే మాత్రం ఆ ఆశ పక్కన పెట్టండి. ఏ దేశమూ వెనక్కి నడిచి బాగుపడలేదు.

ముందు రోగమేమిటో తేల్చుకోవాలి. పన్నులు పెంచాలా తగ్గించాలా, సరిహద్దులు తెరవాలా మూయాలా అని కొట్లాడుకోవడం రోగం కాదు, ఎన్నికలు పెట్టుకున్నదే అందుకు. అవతలివాడి ఓటు నచ్చకపోవడం పోయి అవతలివాడే నచ్చకపోవడం మొదలైనప్పుడు రోగం మొదలవుతుంది. అమెరికాలో 1960లో ఒక సర్వేలో, మీ పిల్లలు అవతలి పార్టీవాళ్లని పెళ్లి చేసుకుంటే బాధపడతారా అని అడిగారు. అవునన్నవాళ్లు రెండు పార్టీల్లోనూ ఐదు శాతానికి మించలేదు. 2010లో దాదాపు అదే ప్రశ్నకు రిపబ్లికన్లలో సగం మంది, డెమోక్రాట్లలో మూడో వంతు మంది అవునన్నారు. యాభై ఏళ్లలో విధానాల మీద మామూలు ఓటర్ల మధ్య దూరం ఈ స్థాయిలో పెరగలేదన్నది చాలామంది పరిశోధకుల మాట. పెరిగింది ఏవగింపు.

ఆ ఏవగింపులో కొంత భాగం మనం ఊహించుకున్న మనిషి మీద. అదే దేశంలో ఇంకో అధ్యయనం చేశారు. రిపబ్లికన్లలో ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లకు పైన సంపాదించేవాళ్లు ఎంతమంది ఉంటారని అడిగితే జనం చెప్పిన సగటు 38 శాతం. నిజానికి ఉన్నది 2 శాతం. మీ తమ్ముడు ఓటేసినవాళ్లంతా ఎలాంటివాళ్లని మీరు అనుకుంటున్నారో, మీ పక్షం గురించి అతనేం అనుకుంటున్నాడో ఒకసారి ఆలోచించండి. ఇద్దరి లెక్కా తప్పే అయివుంటుంది.

ఇప్పుడు అసలు విషయం. గెలిచినవాళ్ల సంబరం చూసి దేశం మానుతుందో లేదో చెప్పలేం. ఓడినవాడి దగ్గర రెండు సంగతులు చూస్తే చెప్పొచ్చు: ఓటమి నిజమేనని అతనికి నమ్మకం కుదిరిందా, తనకు రేపు అనేది ఉందని అనిపించిందా. నా ఉద్యోగమంతా ఈ రెండింటి చుట్టూనే తిరిగింది.

ఒక రాత్రి సంగతి చెబుతాను. తెల్లవారుజామున మూడు గంటలు. ఓడిపోతున్న అభ్యర్థి ఏజెంటు ఫలితాల పత్రం మీద సంతకం పెట్టనని భీష్మించుకున్నాడు. రెండు పెట్టెల మీద అనుమానమన్నాడు. అందరికీ నిద్ర లేదు, బయట జనం కేకలు. ఆ బల్ల దగ్గరున్న అధికారిణి ఒక్క మాట కూడా విసుక్కోలేదు. రెండు పెట్టెలూ మళ్లీ తెప్పించి, ఒక్కో ఓటూ అతని కళ్ల ముందు పెట్టి లెక్కించింది. మూడు ఓట్లు తేడా వచ్చింది, ఫలితం మారలేదు. అతను సంతకం పెట్టాడు. తర్వాత తనే బయటికెళ్లి తనవాళ్లతో, నేను చూశాను, ఓడిపోయాం, ఇళ్లకు పదండి అన్నాడు. ఆ మాట అధికారిణి చెప్పినా, పోలీసులు చెప్పినా జనం వినేవాళ్లు కాదు. ఇంకోచోట ఇలాగే అడిగిన ఏజెంటును టైము లేదని బయటికి నెట్టేశారు. తెల్లారేసరికి రాళ్లు పడ్డాయి. అక్కడ లెక్క తప్పయివుంటుందని నేననుకోను. అయినా దాన్ని నమ్మినవాడు అవతలి పక్షంలో ఒక్కడూ లేడు.

దేశాల సంగతీ ఇంతే, బల్ల పెద్దది. కెన్యాలో 2007 డిసెంబరు 27న ఓట్లు పడ్డాయి. ఫలితాలు ఆలస్యమయ్యాయి, అంకెలు పొంతన లేకుండా వచ్చాయి. 30వ తేదీన, అప్పటికే అధ్యక్షుడిగా ఉన్న కిబాకీ గెలిచారని ప్రకటించారు. గంట తిరక్కుండానే, చీకటిపడే వేళ ఆయన ప్రమాణ స్వీకారం చేశారు. తర్వాతి రెండు నెలల్లో 1,100 మందికి పైగా చనిపోయారు, సుమారు 6 లక్షల మంది ఇళ్లు వదిలి పారిపోయారు. ఆ ఎన్నికల్లో నిజంగా ఎవరు గెలిచారో తేల్చడం అసాధ్యమని తర్వాత వేసిన కమిషన్ చెప్పింది. ఇది చదివినప్పుడు నాకు చాలారోజులు నిద్ర పట్టలేదు. అన్ని ప్రాణాలు పోయాయి, తీరా నిజం ఎవరికీ దక్కలేదు.

ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ మధ్యవర్తిత్వంతో 2008 ఫిబ్రవరి 28న ఒప్పందం కుదిరింది, ఓడిపోయారని ప్రకటించిన ఒడింగా ప్రధానమంత్రి అయ్యారు. కానీ నేను ఎక్కువ విలువిచ్చేది 2010లో వాళ్లు తెచ్చుకున్న రాజ్యాంగానికి. అధికారంలో కొంత 47 కౌంటీలకు పంచింది. అధ్యక్ష ఎన్నిక మీద ఫిర్యాదు వస్తే సుప్రీంకోర్టు పద్నాలుగు రోజుల్లో తేల్చాలంది. 2013లో ఒడింగా కోర్టుకెళ్లి ఓడిపోయారు, తీర్పును గౌరవిస్తానన్నారు. 2017లో మళ్లీ వెళ్లారు. ఈసారి కోర్టు, అధికారంలో ఉన్న అధ్యక్షుడు ఉహురు కెన్యాట్టా గెలిచిన ఎన్నికనే కొట్టేసింది. ఆ తర్వాత అంతా సాఫీగా జరగలేదు. రెండోసారి పెట్టిన ఎన్నికను ఒడింగా బహిష్కరించారు, మళ్లీ జనం చనిపోయారు. 2018 మార్చిలో ఇద్దరు నాయకులూ చేతులు కలిపాకగానీ వీధులు చల్లబడలేదు. నాయకులు చేతులు కలిపినంత మాత్రాన 2007లో మంటకు కట్టెలందించిన పాత భూమి తగాదాలు తీరిపోవు కూడా. అయినా ఒకటి గమనించండి. 2022లో ఫలితం మళ్లీ హోరాహోరీగా వచ్చింది, ఒడింగా మళ్లీ కోర్టుకే వెళ్లారు. 2007లో కోర్టు మెట్లెక్కడంలో అర్థం లేదన్న పక్షం, పదిహేనేళ్లలో కోర్టుకు వెళ్లడం అలవాటు చేసుకుంది. నా దృష్టిలో మానడమంటే ఇలా ఉంటుంది. చూడ్డానికి అందంగా ఉండదు.

ఘానా కథ ఇంకా నచ్చుతుంది నాకు. 2008 అధ్యక్ష ఎన్నికల రెండో విడతలో అకుఫో అడో ఒక శాతంలో సగం కూడా లేని తేడాతో, సుమారు 40 వేల ఓట్లతో ఓడిపోయి ఒప్పుకున్నారు. 2012లో మళ్లీ ఓడి కోర్టుకెళ్లారు, 2013లో అక్కడా ఓడి, తీర్పు నాకు నచ్చలేదు కానీ ఒప్పుకుంటున్నానన్నారు. 2016లో గెలిచారు. ఆ ఏడాది ఆయన చేతిలో ఓడిన మహామా 2024లో తిరిగి వచ్చారు. అప్పుడు అధికార పక్షం అభ్యర్థి బావుమియా, అధికారిక ప్రకటన రాకముందే ఓటమి ఒప్పేసుకున్నారు. ఓడినవాడు నిజంగా మళ్లీ గెలవడం రెండు పక్షాలవాళ్లూ కళ్లారా చూశారు. రేపు ఉందని చెప్పడానికి అంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ఇక గెలిచినవాళ్ల వంతు. గెలిచిన మొదటి వారాల్లో వాళ్లేం చేస్తారన్నది ఆ తర్వాతి నాలుగేళ్ల ప్రసంగాలన్నిటికంటే ఎక్కువ పనిచేస్తుంది. 1994లో దక్షిణాఫ్రికాలో నెల్సన్ మండేలా పార్టీ ఏఎన్సీకి 62 శాతానికి పైగా ఓట్లొచ్చాయి. ఒంటరిగా పాలించడానికి అంతకంటే ఏం కావాలి? కానీ ఎన్నికలకు ముందే రాసుకున్న నియమం ప్రకారం కనీసం 20 సీట్లు వచ్చిన ప్రతి పార్టీకీ మంత్రివర్గంలో చోటు దక్కింది. నిన్నటిదాకా అధ్యక్షుడిగా ఉన్న డి క్లెర్క్ ఉపాధ్యక్షుడయ్యారు. ఎన్నికలకు వారం ముందు వరకూ బహిష్కరిస్తానన్న ఇంకాతా పార్టీ నాయకుడు బుతెలెజీ హోంవ్యవహారాల మంత్రి అయ్యారు. రెండేళ్లకే డి క్లెర్క్ పార్టీ బయటికెళ్లిపోయింది, నిజమే. అప్పటికి అత్యంత ప్రమాదకరమైన రెండేళ్లు దాటిపోయాయి. 1997లో పదకొండు ఐరోపా దేశాల మీద వచ్చిన అధ్యయనం కూడా ఇదే చెబుతుంది. గెలిచినవాడికే అంతా దక్కే వ్యవస్థల్లో ఓడినవాళ్లకు ప్రజాస్వామ్యం మీదే అసంతృప్తి ఎక్కువ. అధికారం పంచే వ్యవస్థల్లో ఆ అసంతృప్తి తక్కువ.

అయితే నాకు అన్నిటికంటే ధైర్యమిచ్చేది ఫిన్లాండ్. 1918లో అక్కడ కార్మికుల ఎర్ర పక్షానికీ సంప్రదాయవాదుల తెల్ల పక్షానికీ అంతర్యుద్ధం జరిగింది, ఎర్రవాళ్లు ఓడిపోయారు. ముప్పై లక్షల జనాభా ఉన్న దేశంలో నాలుగు నెలల్లో, ఆ తర్వాత ఖైదు శిబిరాల్లో కలిపి 36 వేల మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది పోయింది యుద్ధరంగంలో కాదు, కాల్చివేతల్లో, శిబిరాల్లో ఆకలికీ జబ్బులకూ. ఒకే పల్లెలో ఒక ఇంటివాళ్లు ఇంకో ఇంటివాళ్లను పట్టిచ్చారు. ఇక ఈ దేశం జన్మలో కలవదని ఎవరైనా అంటే కాదనడానికి నోరొచ్చేది కాదు.

యుద్ధం ముగిసి ఏడాది తిరక్కముందే, 1919 మార్చిలో ఎన్నికలు పెట్టారు. ఓడిన వర్గం పార్టీ అయిన సోషల్ డెమోక్రాట్లను పోటీ చేయనిచ్చారు. 200 సీట్లలో 80 వాళ్లకే వచ్చాయి. పార్లమెంటులో అతిపెద్ద పార్టీ! తర్వాత కౌలురైతులకు భూమి దక్కే చట్టాలు అమలయ్యాయి. ఎర్రవాళ్లలో ఎంతోమందిని తుపాకీ పట్టించిన కోపం సగం అదే. 1926 డిసెంబరులో ఆ పార్టీ నాయకుడు టానర్ ప్రధానమంత్రి అయ్యారు. మరుసటి వసంతంలో తెల్లపక్షం తన గెలుపు పండుగ కవాతు జరుపుకుంది. అధ్యక్షుడు అనారోగ్యంతో ఉండటంతో ఆయన స్థానంలో ఆ కవాతు వందనం స్వీకరించింది టానరే. సొంత పార్టీవాళ్లు ఆయన్ని ఎంత తిట్టుకుని ఉంటారో ఊహించండి. 1937లో సోషల్ డెమోక్రాట్లూ రైతుల పార్టీ కలిసి సంకీర్ణ ప్రభుత్వం పెట్టారు. 1939లో సోవియట్ సేనలు వచ్చినప్పుడు, కార్మికులు తమకు స్వాగతం పలుకుతారని మాస్కో పెట్టుకున్న ఆశ అడియాస అయింది. ఓడినవాళ్ల కొడుకులు గెలిచినవాళ్ల కొడుకుల పక్కనే కందకాల్లో నిలబడ్డారు.

అక్కడా అన్నీ మానలేదు. కమ్యూనిస్టులను 1944 దాకా బయటే ఉంచారు. ఎర్రవాళ్ల స్మారకాలు బహిరంగంగా లేచింది ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. లెక్క చూస్తే ఓటు హక్కు ఏడాదిలో, భూమి కొన్నేళ్లలో, మంత్రిపదవి ఎనిమిదేళ్లలో, చచ్చిపోయినవాళ్లకోసం నలుగురి ముందూ ఏడ్చే హక్కు పాతికేళ్లకు. నన్ను ఎవరైనా ఎంతకాలం పడుతుందని అడిగితే ఈ వరసే చెబుతాను. మనసులు చివర్న కలుస్తాయి. వాటిని ముందే కలపాలని చూసేవాళ్లు అలిసిపోతారు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి, ఎందుకంటే ఐక్యత అనే మాటతో నేను చూసిన మోసాలు చాలా ఉన్నాయి. అమెరికాలో 1876 ఎన్నిక తేలక నెలల తరబడి దేశం వణికిపోయింది. చివరికి హేస్‌కు 185, టిల్డెన్‌కు 184 ఎలక్టోరల్ ఓట్లని (రాష్ట్రాల వారీగా పడి అధ్యక్షుణ్ని తేల్చే ఓట్లు) తేల్చారు. ఓడిన పక్షం, అంటే అప్పట్లో దక్షిణాది తెల్లవాళ్ల అండ ఉన్న డెమోక్రాట్ల పక్షం, గొడవ చేయకుండా ఊరుకుంది. అందుకు ప్రతిఫలంగా దక్షిణాది రాష్ట్రాల నుంచి కేంద్ర సైన్యం పక్కకు తప్పుకుంది. ఉత్తరాది, దక్షిణాది తెల్లవాళ్లు అన్నదమ్ముల్లా కలిసిపోయారని పత్రికలు రాసుకున్నాయి. ఆ సైన్యం కాపాడుతున్నది ఎవరిని? కొత్తగా ఓటు వచ్చిన నల్లవాళ్లని. తర్వాతి దశాబ్దాల్లో వాళ్ల ఓటు బెదిరింపులతోనూ చట్టాలతోనూ లాగేసుకున్నారు. అది నిజంగా తిరిగి చేతికొచ్చింది 1965 ఓటు హక్కు చట్టంతో. ఇద్దరి మధ్య పుండు మానడానికి మూడోవాడి చర్మం కోశారన్నమాట. కొలంబియాలో 1958 నుంచి రెండు పెద్ద పార్టీలు నాలుగేళ్లకొకసారి అధ్యక్ష పదవి మార్చుకుంటూ తమ మధ్య నెత్తుటి తగాదా ఆపాయి. మిగతావాళ్లకు తలుపు లేదు. 1964లో బయటివాళ్లలో కొందరు మొదలుపెట్టిన సాయుధ పోరాటం ఐదు దశాబ్దాలు సాగింది. అందుకే ఎవరైనా ఇక కలిసిపోదాం అంటే, ఆ గదిలో ఎవరు లేరని నేను ముందు చూస్తాను.

ఓడిన నాయకుడి నోటి మాట గురించి కూడా చెబుతాను, మనవాళ్లు దీన్ని లాంఛనం అనుకుంటారు. 2000లో ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో అల్ గోర్ అమెరికా అధ్యక్ష పదవి పోగొట్టుకున్నారు. తిరిగి లెక్కింపును ఆపేసిన సుప్రీంకోర్టు తీర్పు తప్పని చెబుతూనే, దాన్ని ఒప్పుకుంటున్నానన్నారు. 2001 జనవరి 6న ఉపాధ్యక్షుడి హోదాలో ఎలక్టోరల్ ఓట్ల లెక్కింపుకు అధ్యక్షత వహించింది ఆయనే. తన పక్షంవాళ్లే లేచి అభ్యంతరం చెబుతుంటే నిబంధన ప్రకారం ఒక్కొక్కటీ తోసిపుచ్చి, తన ప్రత్యర్థి గెలిచాడని తన నోటితో ప్రకటించారు. సరిగ్గా ఇరవై ఏళ్ల తర్వాత, అదే తేదీన, అదే భవనంలోకి జనం తలుపులు పగలగొట్టుకుని చొరబడ్డారు. ఈసారి ఓడిన అధ్యక్షుడు ఓటమి ఒప్పుకోలేదు. ఓట్ల తేడా చూస్తే రెండోసారే చాలా ఎక్కువ. మొదటిసారి అనుమానానికి నిజంగా చోటుంది. ఓటర్లు ఓటమిని ఎలా తీసుకుంటారన్నది అంకెల కంటే వాళ్లు నమ్ముకున్న మనిషి చెప్పే మాట మీద ఆధారపడుతుందని చెప్పడానికి ఈ రెండు రోజులు చాలు.

ఒప్పందం కుదిరితే మనుషులు కలుస్తారా అని మీరు అడగొచ్చు. ఉత్తర ఐర్లండ్ చూడండి. 1998 ఒప్పందానికి 71 శాతం మంది ఓటేశారు. ప్రొటెస్టంట్లకూ కాథలిక్కులకూ మధ్య 3,500 మందికి పైగా బలితీసుకున్న హింస చాలావరకు ఆగింది. జీవితమంతా ఒకరినొకరు ద్వేషించిన ఆ రెండు పక్షాల నాయకులు పెయిస్లీ, మెక్‌గిన్నెస్ 2007లో ఒకే ప్రభుత్వాన్ని నడిపారు, పైగా నవ్వుతూ కనిపించేవాళ్లు. అయినా బెల్‌ఫాస్ట్‌లో రెండు వర్గాల పేటల మధ్య గోడలు ఇంకా ఉన్నాయి, పిల్లల్లో ఎక్కువమంది ఇంకా వేరువేరు బడులకే వెళ్తారు. నేను దీన్ని ఓటమి అనను. గోడకు అటూ ఇటూ పిల్లలు బతికి పెద్దవాళ్లవుతున్నారు.

కాబట్టి మీ దేశం గురించి నన్నడిగితే నేను చూసేవి ఇవి. ఓడినవాళ్ల ఫిర్యాదు వినడానికి వాళ్లు నమ్మే చోటు ఉందా. ప్రతిపక్ష నాయకుల మీద కొత్త కేసులు వరసపెట్టి పడుతున్నాయా. గెలిచినవాళ్లకు ఓటేయని ప్రాంతాలకు నిధులు ఆగిపోయాయా. వచ్చే ఎన్నికల తేదీని, నియమాలను ఎవరైనా కదిలిస్తున్నారా. ఇవి సవ్యంగా ఉంటే టీవీలో ఎంత అరుచుకున్నా నాకు భయం లేదు. ఇవి చెడితే అందరూ ఎంత మర్యాదగా మాట్లాడుకున్నా భయమే.

మీ తమ్ముడి విషయం చివరికి ఉంచాను, మీకు ఎక్కువ నొప్పి అక్కడే అనిపించింది. దయచేసి ఆధారాలు, వీడియోలు పంపడం ఆపండి. పంచాయితీలో కూర్చున్న ఇన్నేళ్లలో, అవతలివాడు పంపిన ఆధారం చూసి మనసు మార్చుకున్నవాడు నాకు ఎదురుపడలేదు. ఎవరు కరెక్టో తేలాక మాట్లాడుకుందామని ఆగొద్దు, అది తేలదు.

1800 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో జాన్ ఆడమ్స్‌నూ థామస్ జెఫర్సన్‌నూ అవతలి పక్షం పత్రికలు నోటితో అనరాని మాటలన్నాయి. ఓడిన ఆడమ్స్ 1801 మార్చి 4న పాత మిత్రుడు జెఫర్సన్ ప్రమాణ స్వీకారానికి ఉండకుండా తెల్లవారకముందే రాజధాని వదిలి వెళ్లిపోయారు. ఆ రోజే జెఫర్సన్, అప్పటి రెండు పార్టీల పేర్లూ కలిపి, మనమందరం రిపబ్లికన్లమే, మనమందరం ఫెడరలిస్టులమే అని గొప్ప మాట అన్నారు. ఆ మాటతో ఇద్దరి మధ్యా ఏమీ కదల్లేదు. పదకొండేళ్లు మాటల్లేవు. ఇద్దరికీ మిత్రుడైన డాక్టర్ బెంజమిన్ రష్ మధ్యలో బతిమాలగా బతిమాలగా, 1812 జనవరి 1న ఆడమ్స్ ఒక చిన్న ఉత్తరం రాశారు. అందులో ఆ ఎన్నికల ఊసు లేదు. తన కొడుకు రాసిన పుస్తకం పంపుతున్నానన్నారు. ఇంట్లోవాళ్లంతా క్షేమమనీ, కూతురు ప్రమాదకరమైన ఆపరేషన్ నుంచి గట్టెక్కిందనీ రాశారు. జెఫర్సన్ వెంటనే జవాబిచ్చారు. మనల్ని మనం ఒకరికొకరు వివరించుకోకుండా చనిపోకూడదని ఆడమ్స్ రాసింది ఆ తర్వాతి ఏడాది, 1813లో. అప్పటికి ఉత్తరాలు నడుస్తూ ఏడాదిన్నరైంది. రాజకీయాల మీద ఇద్దరూ చివరిదాకా వాదించుకుంటూనే ఉన్నారు, 1826లో ఇద్దరూ ఒకే రోజు పోయేదాకా.

మీరూ అంతే పొట్టిగా రాయండి. అమ్మ ఎలా ఉందో, పిల్లలు ఏం చేస్తున్నారో రాయండి. అతను జవాబివ్వకపోతే నెలాగి మళ్లీ రాయండి. ఇద్దరికీ కావలసినవాళ్లు ఎవరైనా ఉంటే రష్‌లాగా మధ్యలో ఉండమని అడగండి. ఏం జరిగిందో ఇక్కడ చెబితే మళ్లీ జవాబిస్తాను.